నాలుగు పళ్ల రూటరు

గోపాల్‌పేట చుట్టుపక్కల ఎవరు ఎద్దును కొనాలన్నా ముందు వెంకట్రాములును వెంటబెట్టుకొని పెబ్బేరు సంతకు పోవాలి. ఇది ఎక్కడా రాసిపెట్టిన చట్టం కాదు. కానీ ఆయనను అడగకుండా కొన్న ఎద్దు కుంటిదైతే ఊరు నవ్వేది, మంచిదైతే నమ్మేది కాదు. ఆయన ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తాడు, ఒంటి మీద సుడులు వెతుకుతాడు, కొమ్ములు తట్టి చూస్తాడు, ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడడు. ఆ మాట్లాడకపోవడంలోనే ఆయన పేరంతా ఉంది. అటువంటి మనిషి ఇంట్లో, రెండువేల ఎనిమిదిలో, ఒక రూటరు కొనాల్సిన పని పడింది. ఇంటికొచ్చేది ఏదైనా తన చెయ్యి పడాల్సిందేనని ఆయన అనేసరికి కోడలు ఉమకు సగం ప్రాణం పోయింది.

రూటరు కావలసింది ఉమకే. ఆమె బీఎస్సీ చదివింది. పెళ్లయ్యాక ఆ పట్టా బీరువాలో పట్టుచీరల అడుగున చేరి, చీరలకు పట్టిన ముక్కిపోయిన వాసనే తానూ పట్టింది. ఆ ఏడాది ఆమె అన్న రవి హైదరాబాదులో ఒక కంపెనీ సంగతి మోసుకొచ్చాడు. డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలను విని, టైపు చేసి, నెట్టులో పంపాలి. ఇంట్లో కూర్చొనే చేసుకోవచ్చు. ముందు పరీక్షగా మూడు ఫైళ్లు ఇస్తారు. మూడూ గడువులోగా పంపితే కొలువు, ఒక్కటి ఆలస్యమైనా లేదు. రవి తాను వాడిన ల్యాప్‌టాప్ కూడా ఇచ్చిపోయాడు. మామ సరేనన్నాడు గానీ, కొలువు రాకపోతే ఆ పెట్టె మళ్లీ అన్న ఇంటికే పోవాలనీ, ఈ ముచ్చట ఇంట్లో ఇంకోసారి లేవకూడదనీ షరతు పెట్టాడు. ఉమకు తన సొంతమని చెప్పుకునే పని ఒక్కటంటే ఒక్కటి కావాలి. దానికోసం ఆమె ఏ షరతుకైనా తల ఊపేది.

చిక్కంతా ఫోను ఉన్న చోటుతో వచ్చింది. నెట్టు వచ్చేది ఫోను తీగలోనే, ఆ ఫోను ముందర అర్రలో మామ మంచం పక్కన ఉంది. తీగతో నెట్టు వాడాలంటే అక్కడే కూర్చోవాలి. తెల్లారితే చాలు, ఆ అర్రలో మగవాళ్లు చేరి బీడీలు కాలుస్తూ ఎద్దుల మంచిచెడ్డలు మాట్లాడతారు. వాళ్ల మధ్య కోడలు కుర్చీ వేసుకొని కూర్చోవడం ఆ ఇంట చెల్లదు. పోనీ వెనక అర్రకు తీగ లాగుదామంటే నడుమ దేవుని గూడున్న గోడ. దానికి బొక్క పెడితే ఇంటికి అరిష్టమని మామ అడ్డం పడ్డాడు. ఇక తీగ లేకుండా గాలిలోనే నెట్టు పంపే రూటరు ఒక్కటే గతి. ఉమ భర్త మధు విత్తనాల కంపెనీ పని మీద ఎప్పుడూ నాగర్‌కర్నూల్ వైపే తిరుగుతుంటాడు. ఆయన ఫోనులోనే, నాయనను తోలుకొని పొమ్మని చెప్పి చేతులు దులుపుకున్నాడు.

అలా మామా కోడళ్లు బస్సెక్కి వనపర్తిలో జోసెఫ్ కంప్యూటర్ల దుకాణానికి వచ్చారు. జోసెఫ్ మర్యాదస్తుడు. కానీ నోరు తెరిస్తే అన్నీ అంకెలూ పొడి అక్షరాలూ. ఆయన రూటర్లు బల్ల మీద పరిచి, దేని గాలి ఎంత దూరం పోతుందో, దేని వేగం ఎంతో చెప్పుకుంటూ పోయాడు. వెంకట్రాములు ఒక్క ముక్క వినలేదు. సంతలో అమ్మేవాడి మాట వినేవాడు ఎద్దును కొనలేడని ఆయన సిద్ధాంతం.

ఆయన ఒక్కొక్క డబ్బాను చేతిలోకి తీసుకొని బరువు చూశాడు. వెనక్కి తిప్పితే వరసగా నాలుగు బొక్కలు కనబడ్డాయి. కంప్యూటర్ తీగలు గుచ్చేవి అవి. వాటిలోకి వేలు పెట్టి తడిమి, నాలుగు పళ్లదేనని, కాడికి ఈడొచ్చినదేనని తేల్చాడు. కళ్లు తెరవదేమని అడిగితే జోసెఫ్ కరెంటు పెట్టి పచ్చదీపాలు వెలిగించి చూపించాడు. కళ్లు బాగున్నాయి. ఇక కొమ్ములు, అంటే నిటారుగా నిలబడ్డ యాంటెనాలు. ఆ డబ్బాల్లో ఒకదానికి ఒకటే కొమ్ము. ఇంకొకటి నల్లగా నిగనిగలాడుతూ మూడు కొమ్ములతో ఉంది. మూడు కొమ్ముల దాన్ని వెంకట్రాములు తన జన్మలో చూడలేదు. ఆయన మాట్లాడడం మానేశాడు. ఆ మౌనం చూడగానే ఉమకు అర్థమైంది, బేరం తెగినట్టేనని.

ఆమె ఆ మూడు కొమ్ముల దాన్ని తిప్పి చూసింది. దాని వెనక ఫోను తీగ గుచ్చే చోటే లేదు. అది ఇంకో రకం నెట్టుకు పనికొచ్చే సరుకు. వాళ్లింటికి తీసుకుపోతే గూట్లో పెట్టి దండం పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. జోసెఫ్‌ను అడిగితే ఆయన అవునమ్మా అని ఒప్పుకున్నాడు గానీ, పెద్దాయన ముచ్చటపడి ఖరీదైనది తీసుకుంటుంటే ఆ అవునును గట్టిగా అనలేకపోయాడు. అప్పటికే వెంకట్రాములు తన తువాలు తీసి జోసెఫ్ చేతి మీద కప్పి, సంతలో చేసినట్టే, దాని కింద ఆయన వేళ్లు పట్టుకొని గుట్టుగా ధర అడుగుతున్నాడు. ధర డబ్బా మీద అచ్చేసి ఉంది. పాపం, జోసెఫ్ తన చేతిని వెనక్కి లాక్కోవాలో, పెద్దమనిషి వేళ్లను తానూ నొక్కాలో తెలియక నిలబడిపోయాడు.

కాదంటే మామ వినడు. కోడలు చెప్పిందని పదిమందిలో మాట మార్చుకుంటే ఆయన మీసం ఏమైపోవాలి? ఉమ కొంగు సర్దుకొని, చాలా మెల్లగా, ఆయనకు మాత్రమే వినబడేలా అంది.

"మామా, దీనికి ముక్కు కుట్టలేదు. ఫోను తీగే దీని ముక్కుతాడు. బొక్కే లేనిదానికి తాడు ఏడ ఏస్తం?"

తువాలు కింద వేళ్లు ఆగిపోయాయి. వెంకట్రాములు డబ్బాను అటూ ఇటూ తిప్పి వెతికాడు. ముక్కు లేదు. ఒంటి కొమ్ము దాన్ని తీసి చూశాడు. నాలుగు పళ్ల పక్కన, ఫోను తీగకు సరిపోయే చిన్న బొక్క ఒకటి విడిగా ఉంది. ముక్కు కుట్టని కోడెను తనకు అంటగట్టబోయాడని ఆయన జోసెఫ్ వైపు ఒక చూపు చూసి, ఒంటి కొమ్ము దాన్నే చంకన పెట్టుకున్నాడు. తిరుగు బస్సులో ఉమ కిటికీ వైపు మొహం తిప్పుకొని నవ్వుకుంది. మామకు అర్థమయ్యే భాష దొరికిందని ఆ పిచ్చిపిల్ల సంబరం.

ఇంటికొచ్చాక అత్త బాలనాగమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది, కొత్తగా వచ్చిన దాని కాళ్లు కడగాలని. ఉమ ఉరికి చెంబు పట్టుకోకపోతే ఆ రోజే దాని కథ ముగిసేది. కడగడం మాని పసుపు కుంకుమ పెట్టి, దిష్టి తగలకుండా కొమ్ముకు నల్లదారం కట్టారు. టెలిఫోను మనిషి వచ్చి, దాన్ని ముందర అర్ర కిటికీలో పెట్టి ముక్కుతాడు వేసిపోయాడు. వెనక అర్రలో ల్యాప్‌టాప్‌కు నెట్టు అందింది. ఊరి జనం వచ్చి దీపాలు చూసిపోతుంటే వెంకట్రాములు మంచం మీద కాళ్లు చాపుకొని, మూడు కొమ్ములకు మోసపోకుండా తాను ముక్కు చూసి ఎలా పట్టుకొచ్చాడో చెప్పేవాడు. ముక్కు చూసింది ఎవరని ఎవరూ అడగలేదు. ఉమ కూడా చెప్పలేదు. తన ఫైళ్లు పోతే చాలనుకుంది. మొదటి రెండూ గడువుకు ముందే పోయాయి.

మూడో ఫైలు గడువు సోమవారం సాయంత్రం.

ఉమ వేకువనే లేచి, వాకిలి ఊడ్చి, బర్రె పాలు పితికి, రొట్టెలు చేసి, అందరూ తిన్న గిన్నెలు తోమి, అప్పుడు కూర్చుంది. ఒక డాక్టరు మొత్తం గుండె జబ్బు సంగతిని నోట్లో ఏదో నములుతూ చెప్పినట్టున్నాడు. వెనక్కి తిప్పి తిప్పి విని, చెవులు తిమ్మిరెక్కేదాకా విని, పొద్దు వాలుతుండగా ముగించింది. పంపబోతే నెట్టు లేదు.

ముందర అర్రలోకి పోయింది. కిటికీలో రూటరు లేదు, ఫోను తీగ ఒంటరిగా వేలాడుతోంది. మామ మంచం మీద, మెత్తగా మడిచిన గోనెపట్టా పరిచి, దాని మీద రూటరు పడుకోబెట్టి ఉంది. పైన ఫ్యాను తిరుగుతోంది. కరెంటు తీగను మామ తువాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. చుట్టూ ఆయన జట్టు కూర్చొని ఉంది.

వెంకట్రాములు నవ్వుతూ, "సోమవారం గదా బిడ్డా. కాడి దించిన. దాని ఒళ్లు పట్టి చూడు, ఎట్ల కాలుతుండెనో," అన్నాడు.

సోమవారం బసవన్న వారం. అదును దాటిపోతున్నా సరే, ఆ రోజు ఆ ఇంట ఎద్దు మెడ మీద కాడి పడదు. అది ఊరంతా మెచ్చుకునే నియమం. దీన్ని ఎద్దుల్లో కలిపింది మామ ఒక్కడేనా? ముక్కని, తాడని తానే గదా మామకు అందించింది. ఇది ఎద్దు కాదు మామా, యంత్రం అని ఇప్పుడు చెప్పింది. ఆయన నవ్వాడు. పొద్దు గూకేలోగా ఫైలు పోకపోతే కొలువు పోతుందని చెప్పింది. రేపు తెల్లారుజామునే కాడి కడతానని ఆయన మాటిచ్చాడు. మధుకు ఫోను చేసింది. నాయన మాట ఒక్కరోజు వింటే ఏం పోతదన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఆమె ఫోను పెట్టేసింది.

మూగజీవి మీద దయ ఉన్న ఇల్లని జట్టులోని కురుమయ్య మెచ్చుకున్నాడు. వెంకట్రాములు ఆ మెప్పుకు పొంగిపోయి, రూటరు వీపును ఒకసారి నిమిరి, కోడలి వైపు తిరిగాడు.

"జర అందరికి చాయ్ పెట్టు బిడ్డా."

ఉమ కదలలేదు. మామ ముందు ఆమె ఎన్నడూ అంత గట్టిగా మాట్లాడి ఎరగదు.

"ఎద్దులకు కాడి దించిన్రు. కరెంటు డబ్బకు కాడి దించిన్రు. నాకు ఏ వారం దించుతరు మామా? అత్తమ్మకు ఎన్నడన్న దించిన్రా?"

కురుమయ్య బీడీ ఆరిపోయింది, వెలిగించుకోలేదు. వెంకట్రాములు ఒళ్లోని తువాలు ముడిని గట్టిగా పట్టుకున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. బాలనాగమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. కోడలిని కసురుతుందని అందరూ అనుకున్నారు, ఉమ కూడా అనుకుంది. ఆమె వచ్చి, మగవాళ్లు కూర్చున్న ఆ అర్రలోనే, మంచానికి ఎదురుగా గడప మీద కూర్చుంది.

"పొయ్యి ఆర్పిన," అంది మొగుడితో. "నాది గూడ దించుకున్న."

వెంకట్రాములు భార్య వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు. పక్కన గోనెపట్టా మీద హాయిగా చల్లబడి ఉన్న రూటరు వైపు చూశాడు. ఆ ఇంట్లో విశ్రాంతి తీసుకుంటున్నది అదొక్కటే. ఆయన తువాలు ముడి విప్పి కరెంటు తీగ తీశాడు. ముక్కుతాడు తానే గుచ్చాడు. రెండుసార్లు తప్పి మూడోసారి సరిగా పడింది. పచ్చదీపాలు ఒక్కొక్కటిగా వెలిగాయి. ఉమ వెనక అర్రలోకి ఉరికింది.

ఫైలు గడువులోగానే పోయింది. వారం తిరగకముందే కొలువు కబురు కూడా వచ్చింది. వెంకట్రాములు దాన్ని కూడా తన లెక్కలోనే వేసుకున్నాడు. చెయ్యి మంచిదైతే డబ్బా కూడా కొలువు తెస్తదని ఊరంతా చెప్పుకొచ్చాడు. ఎవరో రూటరు కొనాలని వస్తే, ముందు ముక్కు చూడాలని నేర్పి పంపాడు.

తర్వాతి సోమవారం పొద్దున ఆయన జట్టు ఎప్పటిలాగే వచ్చి కూర్చుంది. వెనక అర్రలో ఉమ టైపు చేస్తున్న చప్పుడు వినబడుతోంది. బాలనాగమ్మ మంచం మీద కాళ్లు చాపుకొని పడుకుంది. వెంకట్రాములు కాసేపు చూశాడు, దగ్గాడు, ఇంకాసేపు చూసి తానే వంటింట్లోకి పోయాడు. డబ్బాలు తీసి మూసిన చప్పుడు చాలాసేపు వినబడింది. చివరికి అక్కడి నుంచే, చాయ్‌పత్తి ఏడ పెట్టినవని పెండ్లాన్ని అడిగాడు.

బాలనాగమ్మ అటు పక్కకు ఒత్తిగిలింది.

"ఎతుక్కో. ఇయ్యాల సోమవారం."