చిట్టీల రాసిన లోపాలు

"చూసినవా అమ్మా, దొరసాని గూడ రాసింది నా పెండ్లాంల లోపాలున్నయని! నేను జెప్తె లొల్లి అన్నరు." రాజన్న రొట్టె తుంచుకుంట నవ్విండు. తల్లి కొమురమ్మ గూడ నవ్వింది. పొయ్యి ముంగట రాహేలు ఇంకో జొన్నరొట్టె కొడుతున్నది. తలకాయ ఎత్తలేదు.

సంగతేందంటే, రాహేలు పన్నెండేండ్లు సికింద్రాబాదుల ఒక తెల్లదొర బంగ్లాల ఆయాగ చేసింది. యుద్ధం అయిపోయింది, దొరోళ్ళు సామాను కట్టుకొని విలాయత్ పోయిండ్రు. ఇంకో తావుల పని దొరకాలని, పోతపోత దొరసాని ఈమె ఎసొంటి మనిషో ఇంగ్లీషుల చిట్టీ రాసిచ్చింది. ఆ చిట్టీ చూపెడితే ఆడోళ్ళ జనానా దవాఖానల ఆయా పని ఇస్తమన్నరు, ఉండెతందుకు అర్ర గూడ ఇస్తరట. రాజన్న ఆ కాయితాన్ని కచ్చేరి కాడ అర్జీలు రాసే భిక్షపతితోని చదివిపిచ్చిండు. "నిజాయితీ మనిషి, పిల్లలను మంచిగ చూస్తది, గని కొన్ని లోపాలున్నయి" అని చెప్పిండాయన. ఇగ చూడుండ్రి రాజన్న సంబురం! తాముండే దబీర్‌పురా గల్లీ మొత్తం చాటిచ్చిండు. "ఇది ఎవరికన్న చూపెడితే ఇజ్జత్ పోతది. దవాఖాన లేదు గివాఖాన లేదు, ఇంట్ల పడుండు" అన్నడు.

పన్నెండేండ్లల్ల ఒక్క మాట అనని దొరసాని పోతపోత గిట్లెందుకు రాసిందో రాహేలుకు ఎంత ఆలోచించినా తెలుస్తలేదు. పొద్దుగాల లేచి ఈ ఇంట్ల బోళ్ళు తోమి, నీళ్ళు మోసి, అత్త కాళ్ళు ఒత్తి, రైలెక్కి పోయి దొర పిల్లలకు తానాలు పోసి, మళ్ళ వచ్చి ఈడ పొయ్యి ముట్టిచ్చేది. తప్పు జెయ్యనీకి తీరికేడిది? ఇంట్లనైతే ఆమె తప్పులకు అంతే లేదు. పాడితే తప్పు, గట్టిగ నవ్వితే తప్పు. మగనియి మాత్రం ఏనాడు తప్పులు గావు. ఉప్పు తక్కువైందని కంచం గోడకేసి కొడితే, "వానికి గదొక్క గుణం బిడ్డా, సర్దుకో" అంటది అత్త. తాగొచ్చి జుట్టు వట్టి వాకిట్లకు గుంజిన నాడు గూడ "గదొక్క గుణం" అన్నది. ఎన్ని ఒక్క గుణాలో ఆ మనిషికి!

ఐతారం నాడు చర్చిల ప్రార్థన అయిపోయినంక రాహేలు మిషన్ బడి పంతులమ్మ సుశీలమ్మ ఇంటికి పోయి చిట్టీ చేతిల పెట్టింది. సుశీలమ్మ కండ్లద్దాలు పెట్టుకొని చదివింది, చదువుకుంటనే నవ్వింది.

"భిక్షపతి సగం చదివి ఇడిచిపెట్టిండు. ఇను. 'రాహేలుకు కొన్ని ఫాయిబుల్స్ ఉన్నయి. పని చేసుకుంట ఎప్పుడు పాటలు పాడుతది. కోళ్ళతోని తెలుగుల కొట్లాడుతది. చాయల నాలుగు చెంచాల చక్కెర ఏసుకుంటది. ఇవన్ని లేక మాకు ఇల్లు బోసిపోతది.'"

"ఆ మాటంటే లోపాలేనా పంతులమ్మా?"

"లోపమే, గని చిన్నది. దాంతోని ఎవ్వరికి దెబ్బ తాకదు. మనకు ఇష్టమైన మనిషి గురించి నవ్వుకుంట చెప్పుకునేటప్పుడు వాడే మాట అది."

రాహేలుకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఆమె పాటను ఇంట్ల, పెండ్లయిన పద్దెనిమిదేండ్ల సంది ఎవ్వరు ఇననే లేదు. అంత దూరంల ఉన్న ఆ తెల్లామె మీద ఒక్కపారిగ పానం కొట్టుకున్నది. కొంగుతోని ముఖం తుడుచుకొని అడిగింది.

"కంచం గోడకేసి కొట్టుడు ఆ మాట కిందికి వస్తదా?"

సుశీలమ్మ అద్దాలు తీసి ఆమె దిక్కు చూసింది. "రాదు."

"జుట్టు వట్టి గుంజుడు?"

"రాదు రాహేలూ. వాటికి వేరే మాటలున్నయి."

రాహేలుకు కోపం వచ్చింది, రాజన్న మీద కంటే తన మీదనే ఎక్కువ. అత్త అన్నదని తను గూడ దాన్ని గుణం అనుకున్నది. ఓర్చుకుంటే దేవుడు చూస్తడనుకున్నది. పక్కింటోళ్ళు అడిగితే "మా ఆయనకు జర కోపం ఎక్కువ" అని తనే నవ్వుకుంట చెప్పేది.

"రేపు దవాఖానకు పోయి చిట్టీ చూపెడుత" అన్నది. "ఆడనే అర్రల ఉంట."

"రాజన్న ఊకుంటడా?"

"ఆయనకు గూడ ఒక చిట్టీ రాసిపెట్టు పంతులమ్మా. దొరసాని ఇడిచిపోయేటప్పుడు నాకు రాసిచ్చింది గద. ఇప్పుడు ఇడిచిపోయేది నేను. మర్యాద తప్పొద్దు."

సుశీలమ్మ కలం చేతికి తీసుకున్నది గని సిరాల ముంచలేదు. "ఏమని రాయాలె?"

"కష్టం జేసే మనిషని రాయి, అది నిజమే. కంచం సంగతి రాయి. జుట్టు సంగతి రాయి. దొరసాని రాసిన ఆ ఇంగ్లీషు మాట మాత్రం పెట్టకు."