గంప ఎత్తే చెయ్యి

దాలమ్మ మోకాళ్లు వంచి, ఎండుచేపల గంపను రెండు చేతులా పట్టి, ఊపిరి బిగబట్టి తోడికోడలి తలమీదికి ఎత్తింది. గున్నమ్మ మెడ అటూ ఇటూ సర్దుకుంది. చుట్టకుదురు మీద గంప కుదిరాక, మంచిమాట ఒక్కటైనా లేకుండా ఊళ్లమీదికి బేరానికి నడిచిపోయింది. ఇరవై రెండేళ్లుగా భావనపాడులో వీళ్ల పొద్దు ఇలాగే మొదలవుతోంది.

రేపు ఈ గంప ఎవరెత్తుతారన్నదే దాలమ్మ దిగులు. అండమాన్‌లో పడవ పనికి పోయిన ఆమె మొగుడు ఎర్రన్న, ఆరేళ్లకు అక్కడ ఓ ఇల్లు అద్దెకు తీసుకుని పెళ్లాన్ని రమ్మన్నాడు. రేపే విశాఖలో ఓడ. ఈ సాయంత్రం నాలుగింటికే ఆటో. గున్నమ్మకు మొగుడు పోయాడు, పిల్లలు లేరు, నోరు మాత్రం ఉంది. ఆ నోటి పుణ్యమా అని వీధిలో ఆమెతో మాట్లాడే మనిషే లేదు. పక్కింటి మరిడమ్మను దాలమ్మ నిన్ననే బతిమాలింది.

“ఎత్తుతాను. కానీ తన నోటితో తనే అడగాల,” అంది మరిడమ్మ.

గున్నమ్మ అడగదు. పస్తులైనా పడుకుంటుంది గానీ అడగదు.

దాలమ్మ ఇంట్లోకి వచ్చి, అమ్మ ఇచ్చిన టేకు పెట్టె మూత తెరిచింది. చీరలు, కత్తిపీట, చింతపండు, ఆవకాయ సీసా, ఆధార్ కార్డు పెట్టింది. ఎండు మెత్తళ్లు మూట కడుతుంటే ఫోను మోగింది.

“ఏటి సర్దుతున్నావే?” అన్నాడు ఎర్రన్న.

“మెత్తళ్లు.”

“సముద్రం మజ్జెకి సేపలు మోసుకొస్తావేటే? ఇక్కడన్నీ దొరుకుతాయి.”

“నా సేతి ఉప్పు దొరుకుతాదా?”

ఎర్రన్న పకపకా నవ్వాడు. “సరే, తే. ఆ పెట్టె మాత్రం మరిసిపోకు. ఈ తేమకి గుడ్డలన్నీ బూజు పట్టేస్తన్నాయి.”

ఆటోలోకి ఎత్తడానికి వీలుగా ఉంటుందని దాలమ్మ పెట్టెను ఈడ్చుకొచ్చి అరుగు మీద పెట్టింది. రెండిళ్లకూ ఒకటే అరుగు. కిందికి దిగి చూస్తే పెట్టె మూత తన గుండెల దాకా వచ్చింది. గున్నమ్మ తనకంటే బెత్తెడు పొట్టి. ఆమెకు భుజాల దాకా వస్తుంది.

దాలమ్మ మళ్లీ అరుగెక్కి పెట్టె మూత తెరిచింది. సామానంతా తీసి రెండు గోనెసంచుల్లో కుక్కింది. ఖాళీ పెట్టెను గున్నమ్మ గుమ్మం వైపు జరిపి, కదలకుండా అందులో నాలుగు తట్టల ఇసుక పోసి మూత వేసింది.

మూడింటికి గున్నమ్మ తిరిగొచ్చింది.

“నా గుమ్మంలో నీ పెట్టేటే?”

“ఖాళీ గంప దాని మీదెట్టు. అక్కడే సేపలు నింపుకో. నిండాక అంచుకి లాక్కుని, కింద తల దూర్సి లేచి నిలబడు.”

“నీకు మతి గాని పోయిందేటి? ఎర్రన్న ఊరుకుంటాడా?”

“అరిస్తే అరవనీ. గుడ్డలు బూజు పడితే ఉతుక్కుంటాను. నీ గంప అక్కడినుంచి ఎత్తలేను కదక్కా.”

గున్నమ్మ ఖాళీ గంపను పెట్టె మీద పెట్టింది. సాయంత్రం బేరానికి చేపలు గుప్పెడు గుప్పెడుగా నింపింది. గంపను అంచుకి లాగి, కాస్త వంగి, దాని కింద తల పెట్టి పైకి లేచింది. గంప ఓ పక్కకి ఒరిగింది. దాలమ్మ చేతులు వాటంతటవే ముందుకు పోయాయి.

“సెయ్యి తియ్యే,” అంది గున్నమ్మ.

దాలమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది. గున్నమ్మ నిటారుగా నిలబడింది. బుగ్గల మీదికి కన్నీళ్లు కారుతున్నాయి. రెండు చేతులూ గంప మీదే ఉన్నాయి, తుడుచుకోవడానికి లేదు.

“ఓడలో ఖాళీ కడుపుతో ఉండకే దాలీ, తిప్పుతాది. ఎల్లిరా.”

అంతే అంది. గంప నెత్తినున్న మనిషికి వెనక్కి తిరగడం కుదరదు. గున్నమ్మ తిరగలేదు. ఆమె సందు మలుపు తిరిగేదాకా దాలమ్మ చూస్తూనే ఉంది. తోడికోడలిని ఆమె ప్రేమించింది. ఆ మాట ఎప్పుడూ అనలేదంతే.

ఆటో వచ్చింది. రెండు సంచులు ఎక్కించుకుని దాలమ్మ వెళ్లిపోయింది. అరుగు మీద, టేకు పెట్టె మూత మీద, గంప అడుగంత మేర తెల్లగా, గుండ్రంగా ఉప్పు మిగిలి ఉంది.