ఇస్త్రీ గది కిటికీ

మా యూనియన్ నాయకుణ్ణి అందరూ మైకన్న అంటారు. ఎదురుగా ముగ్గురే ఉన్నా ఆయనకి మైకు ఉండాల్సిందే. మేం ఆసుపత్రి బట్టలుతికే విభాగంలో పన్నెండుమంది ఆడవాళ్లం. దుప్పట్లు, ఆపరేషన్ గౌన్లు ఉతికి ఇస్త్రీ చేస్తాం. ఇస్త్రీ గదికి ఒకటే కిటికీ. దొంగతనాలు జరుగుతున్నాయని సూపర్‌వైజరు దానికి మేకులు కొట్టించాడు. రోగుల దుప్పట్లు ఎత్తుకెళ్లి మేం మేడలు కట్టేస్తామనుకున్నాడు కాబోలు.

ఎండాకాలం ఇద్దరం కళ్లు తిరిగి పడిపోయాం. రెండోదాన్ని నేనే. లేచేసరికి నా తల మా వదిన ఒళ్లో ఉంది. ఆమె అక్కడే బట్టలు మడతపెడుతుంది. వదినకి నత్తి. ఒక్కో మాట నాలుగుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది. అందుకని ఇంట్లో ఆమె మాటలు మేమే పూర్తి చేసేసేవాళ్లం, చాలాసార్లు తప్పుగా.

ఆ వారం వదిన మిగతావాళ్లందరి ఇళ్లకీ వెళ్లింది. "కి... కిటికీ తెరిచేదాకా ఇ... ఇస్త్రీ చెయ్యొద్దు" అని చెప్పి ఒప్పించడానికి ఒక్కో ఇంట్లో గంట పట్టింది. మాట అందిద్దామని నేనూ వెంట వెళ్లాను. "నువ్వు నోరు మూసుకో" అంది. అది మాత్రం తడబడకుండా వచ్చింది. అంతసేపు ఎదురుచూసి విన్న మాటని ఎవరూ కాదనలేకపోయారు.

సంగతి మైకన్న చెవిన పడింది. "తొందరపడకండమ్మా, నేనున్నానుగా" అంటూ మేనేజరు ఏసీ గదిలోకి వెళ్లాడు. రెండు గంటల తర్వాత మొహం చాటంత చేసుకుని బయటికొచ్చాడు.

"కమిటీ వేయించాను" అన్నాడు.

"అందులో ఎవరున్నారు?" అని అడిగాను.

"నేను, మేనేజరుగారు, వారి బావమరిది."

"మరి కిటికీ?"

"గాలి అవసరమా కాదా అన్నది అధ్యయనం చేస్తాం."

ఆ మాట అనడానికి ఆయన పీల్చింది మరేమిటో.

మర్నాడు పొద్దున బట్టలు ఉతికి, తడివి తడిగానే బండ్లలో పెట్టి, స్టూళ్ల మీద కూర్చున్నాం. అత్యవసర వార్డుకి కావలసిన కట్ట ఒకటి వదిన ముందురోజే ఇస్త్రీ చేయించి పక్కన పెట్టించింది. సూపర్‌వైజరు అరిచాడు, బతిమాలాడు, చివరికి మైకన్నకి ఫోను చేశాడు. ఆయన ఊడిపడ్డాడు.

"నన్ను అడక్కుండా ఇదేమిటి? నా పరువేం కావాలి?"

వదిన లేచి నిలబడింది. "మే... మే..."

"మీరు కూర్చోండమ్మా. ఎవరైనా మాట్లాడేవాళ్లు చెప్పండి" అన్నాడు.

పదకొండుమందిమీ వదిన వైపే చూస్తూ కూర్చున్నాం. ఆయనకి ఆగక తప్పలేదు.

"మే... మేకులు తియ్యండి" అంది వదిన.

మధ్యాహ్నానికి పొడి గౌన్లు అయిపోయాయి. సర్జను స్వయంగా కిందికొచ్చి, ఆ గదిలో రెండు నిమిషాలు నిలబడి, చొక్కా తడిసి ముద్దయ్యాక తిన్నగా మేనేజరు దగ్గరికి నడిచాడు. మూడింటికి వడ్రంగి వచ్చాడు. తొమ్మిది మేకులు. అధ్యయనం పావుగంటలో ముగిసింది.

సోమవారం మైకన్న రిబ్బను తెచ్చాడు, కిటికీకి. మేనేజరుతో కలిసి కత్తిరించి ఫొటో తీయించుకున్నాడు. వెనక నిలబడి చప్పట్లు కొట్టమంటే, చేతులు ఖాళీ లేవన్నాం. యూనియన్ పత్రికలో ఆయన అలుపెరగని పోరాటం గురించి ఒక పేజీ నిండా రాశారు. మేం మాత్రం "మహిళా సోదరీమణులు". సోదరీమణుల్లో మగవాళ్లు కూడా ఉంటారేమో మరి.

తర్వాత వదినని యూనియన్ ఆఫీసుకి పిలిచాడు. నేనూ వెంట వెళ్లాను. మహిళా విభాగం ఉపకార్యదర్శి పదవి ఇస్తానన్నాడు. "మీరు మాట్లాడాల్సిన పనేం లేదమ్మా. వేదిక మీద కూర్చుంటే చాలు" అన్నాడు, పెద్ద మేలు చేస్తున్నట్టు. వదిన జవాబు కూడదీసుకుంటుంటే గడియారం చూసుకున్నాడు. ఆ జవాబేమిటో నాకు ముందే తెలుసు. అయినా అందించలేదు.

"అ... అక్కర్లేదు" అంది.

బయటికొచ్చాక, ఆసుపత్రి వంటశాల వాళ్లకి చేతులు కాలుతున్నా తొడుగులు ఇవ్వట్లేదట అని చెప్పింది. ఆ సాయంత్రమే వాళ్లలో పెద్దావిడ ఇంటికి వెళ్లాం. ఆవిడ తలుపు సగమే తీసింది.

"మైకన్న పంపాడా మిమ్మల్ని?"

లేదన్నాం. అప్పుడు లోపలికి రమ్మంది.