ఎవరు చెప్పినా సరే

"మధ్యాహ్నం మీ ఆఫీసు నుంచి సర్వే పిల్ల వచ్చింది. అన్నీ చెప్పి పంపించాం," అన్నాడు భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండా. నడుం నొప్పని ఆ రోజు సెలవు పెట్టాడు. ఆమె అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి, కాళ్లైనా కడుక్కోకుండా ఆరిన బట్టలు ముందేసుకుని మడతపెడుతోంది. అతని చొక్కా చేతిలోనే ఆగిపోయింది.

"అన్నీ అంటే?"

"అన్నీ అంటే అన్నీ. అమ్మ బీపీ, నా నడుం, నా నిద్ర. నీ గురించి కూడా అడిగింది. నీకేం, ఏ జబ్బూ లేదన్నాను."

"గుండ్రాయిలా ఉంటుందని నేనూ చెప్పాను," అని అత్తగారు మెచ్చుకోలుగా అందుకుంది.

"నన్ను అడక్కుండా నా గురించి ఎలా రాసుకుంది?"

"ఇంట్లో ఎవరు చెప్పినా సరేనట. మీవాళ్లు పెట్టిన పద్ధతేగా. ప్రతిదానికీ అనుమానమే నీకు," అని అతను సౌండు పెంచాడు.

అనుమానమే మరి. ఆ మాట అతను పెళ్లయిన కొత్తల్లో ముద్దుగా అనేవాడు, ఇప్పుడు విసుగ్గా అంటున్నాడు. ఆమె పనిచేసేది ఆరోగ్య పరిశోధన కార్యాలయంలో. ఊళ్లో ఎవరికి ఏ జబ్బుంది, ఏ వీధిలో ఉంది, ఎప్పటినుంచి ఉంది అని ఇల్లిల్లూ తిరిగి అడిగి, ఉన్నది ఉన్నట్టు వర్ణించి పెట్టడం వాళ్ల పని. జబ్బు ఎందుకొచ్చిందో తేల్చరు, మందులివ్వరు. వాళ్లు చెప్పినదాన్ని చూసి పైవాళ్లు ఏ ఆసుపత్రి ఉండాలో, ఏది అక్కర్లేదో నిర్ణయిస్తారు. ఈసారి సర్వే ఇంకా పూర్తికాలేదు గానీ, ఇప్పటిదాకా వచ్చిన లెక్కల్లో ఊరి ఆడవాళ్లంతా నిక్షేపంలా ఉన్నారు. నడుములు, మోకాళ్లు, కడుపులో మంటలు అన్నీ మగవాళ్లకే. ఆ ఫలితాలు చూసిన దగ్గర్నుంచీ ఆమెకి ముద్ద దిగడం లేదు. ఇంత హాయిగా ఉన్న ఆడవాళ్లు ఏ వీధిలో కాపురం ఉంటున్నారు, తనకి ఒక్కరైనా ఎదురుపడరేం? బస్టాపులో స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకునేవాళ్లు, కూరల సంచి దింపి నడుం పట్టుకునేవాళ్లు ఎవరి లెక్కలో ఉన్నట్టు? కార్యాలయంలో పెద్దసారు మాత్రం తెగ సంబరపడిపోతున్నాడు. ఊరి ఆసుపత్రిలో ఆడవాళ్ల కోసం నడిచే సాయంత్రం క్లినిక్ ఇక దండగ, మూసేసి ఆ గదులు గుండె జబ్బుల విభాగానికి ఇవ్వమని సిఫారసు కూడా రాయించేస్తున్నాడు.

ఆ క్లినిక్ వరండాలో బల్ల చివర కూర్చునే ఆడవాళ్లలో ఆమె కూడా ఉంది. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలీదు, ఇంట్లో అసలే తెలీదు. రెండేళ్లుగా నెలసరి వచ్చిందంటే ఒక పట్టాన ఆగదు. కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసుకోవడం అలవాటైపోయింది, మెట్లెక్కితే కళ్లు బైర్లు కమ్ముతాయి. మొదట్లో ఇంట్లో చెప్పింది. "ఆడపుట్టుక పుట్టాక తప్పుతాయా" అంది అత్తగారు. "ఓ మాత్ర వేసుకుని పడుకో," అని జాలిపడ్డాడు భర్త, గుమ్మం దాటబోతూ "వంట సంగతి చూసి పడుకో" అని కూడా అన్నాడు. ఆ తర్వాత ఆమె చెప్పడం మానేసింది. ఆఫీసు వదిలాక కూరలకని చెప్పి క్లినిక్‌కి వెళ్లడం మొదలుపెట్టింది. సాయంత్రం తెరిచి ఉండేది అదొక్కటే. గర్భసంచిలో గడ్డలున్నాయి, ఆపరేషన్ తప్పదు, ఇక వాయిదా వెయ్యొద్దు అని డాక్టరమ్మ పోయినసారి గట్టిగా చెప్పింది. క్లినిక్ మూతపడితే ఆ ఆపరేషన్ ఎవరు చేస్తారు? బల్ల మీద తన పక్కన కూర్చునేవాళ్లంతా ఎక్కడికి పోతారు?

ఆ సాయంత్రం చొక్కా మడతపెడుతుంటే ఆమెకి అంతా అర్థమైంది. సర్వే తొందరగా తెమలాలని, ఇంట్లో ఎవరు చెప్పినా రాసుకొమ్మన్నాడు పెద్దసారు. తలుపు కొడితే ముందుగదిలో దొరికేదెవరు? తీరిగ్గా కూర్చున్నవాళ్లు. వాళ్ల నొప్పులు వాళ్లు పూసగుచ్చినట్టు చెప్పుకుంటారు. లోపల గిన్నెలు తోముతున్న మనిషి గురించి అడిగితే, ఆమెకేం బాగానే ఉంది అంటారు. గిన్నెల చప్పుడు వినిపిస్తోందిగా మరి! ఈ ముక్క ఇన్నాళ్లూ తనకి తట్టనందుకు ఆమెకి తన మీదే ఒళ్లు మండింది.

మర్నాడు పెద్దసారు గదికి వెళ్లింది. మిగతా పరిశోధకులూ అక్కడే ఉన్నారు.

"సార్, ఇది ఆడవాళ్లు చెప్పింది కాదు. వాళ్ల గురించి ఇంట్లోవాళ్లు చెప్పింది."

"మనది వర్ణన మాత్రమే అమ్మా," అన్నాడాయన నవ్వుతూ. "ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు. ఎందుకు అనే గొడవలోకి మనం వెళ్లం."

"ఎందుకు అని నేనూ అడగడంలేదు సార్. ఎవరికి అన్న దగ్గరే తప్పు జరిగింది."

"అనుమానాల మీద సర్వేలు మార్చలేం. ఒక్క ఇల్లు చూపించు చూద్దాం."

గదిలో అందరూ ఆమెవైపే చూస్తున్నారు. ఇక్కడ నోరు విప్పితే సాయంత్రానికల్లా కార్యాలయమంతా తన ఒంటి గురించే మాట్లాడుకుంటుందని ఆమెకి తెలుసు.

"మా ఇల్లే సార్," అంది. ఏ జబ్బూ లేదని రాసుకున్న మనిషికి ఏముందో చెప్పింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చివరికి, ఒక్క వీధి మళ్లీ చేయించమన్నాడు, ఆడవాళ్లని విడిగా అడిగి. అప్పటిదాకా సిఫారసు ఆపుతానన్నాడు. ఆ మాట మీద నిలబడతాడో లేదోనని ఆమె అనుమానం ఆమెకుంది. అందుకే, మధ్యలో ఆపేసినా ఒక్క ఇంటి నిజమైనా లెక్కలో పడాలని, తన వీధే ఎంచుకుంది, తన ఇంటితోనే మొదలుపెట్టమంది.

ఆదివారం ఉదయం సర్వే పిల్ల వచ్చేసరికి పొయ్యి మీద పాలున్నాయి.

"మళ్లీనా? మొన్న చెప్పాంగా," అంటూ భర్త సోఫాలో సర్దుకు కూర్చున్నాడు.

"మీరు కాసేపు వంటింట్లో పాలు చూడండి. అత్తయ్యా, మీరు కూడా," అంది ఆమె. అతను తల్లి మొహం చూశాడు. ఇద్దరూ అయోమయంగా లేచి వెళ్లారు. ఆమె సోఫాలో కూర్చుంది. పగటిపూట ఆ సోఫాలో కూర్చుని ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

"తలుపు వేయమంటారా మేడమ్?" అని మెల్లిగా అడిగింది పిల్ల. "విడిగా అడగాలన్నారు."

"మిగతా ఇళ్లల్లో తప్పకుండా వెయ్యి. ఇక్కడ తెరిచే ఉండనీ."

నెలసరి గురించి, కళ్లు తిరగడం గురించి, గడ్డల గురించి, ఆపరేషన్ గురించి ఆమె గొంతు తగ్గించకుండా చెప్పింది. వంటింట్లో చప్పుడు లేదు. కాసేపటికి పాలు మాడిన వాసన వచ్చింది.

"ఇంట్లోవాళ్లకి చెప్పారా మేడమ్?"

"చెప్పాను, వినలేదు," అంది ఆమె, లేవకుండానే. "ఇప్పుడు విన్నారు. రెండూ రాసుకో."