నా పేరిట ఉపవాసం

మా అత్త ప్రేమమ్మ మంచిది. అదే నాకొచ్చిన చిక్కు. గయ్యాళి అత్త అయితే ఎదురు తిరిగి నాలుగు మాటలనేసి చేతులు కడుక్కునేదాన్ని. మంచిదానితో ఏమని పోట్లాడేది?

ఆ ఆదివారం ఆరాధనలో, ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ ఆమె లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది.

"మా కోడలు ప్రసన్నకు శానా దినాల నుంచి గాబరా. గుండె దడదడా కొట్టుకుంటాదంట. సంఘమంతా జ్ఞాపకం చేసుకోండమ్మా" అంది.

నేను ఆడవాళ్ల చాపల మీద వెనకగా కూర్చుని ఉన్నాను. బనగానపల్లెలో టైలరు ప్రసన్నకుమారి అంటే తెలియనివాళ్లు లేరు. మా సంఘంలో నేను జాకెట్టు కుట్టని ఇల్లే లేదు. అన్ని తలలూ ఒక్కసారి నా వైపు తిరిగాయి. తేలు కుట్టిన దొంగలా తల వంచుకున్నాను. గాబరా ఉన్న మనిషి సంగతి పదిమందిలో చెబితే ఆ గాబరా తగ్గుతుందా, పెరుగుతుందా? ఆ మాట మా అత్తను అడిగేవాళ్లు ఎవరు?

పాస్టరు అయ్యగారి భార్యను మేమంతా అమ్మగారు అంటాం. ఆమె వెంటనే, "వచ్చే శుక్రవారం ప్రసన్న కోసం ఉపవాస కూటం పెట్టుకుందాం" అని చెప్పేసింది. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరి కోసం కూటం పెడతారో వాళ్లు ముందు వరసలో కూర్చోవాలి. పొద్దున లేచినప్పటి నుంచి కూటం ముగిసేదాకా వాళ్లూ ఏమీ తినకూడదు.

"ఒళ్లు కూడా కొంచెం తగ్గుతాదిలే. స్వామికార్యం, స్వకార్యం రెండూ అయిపోతాయి" అంది మా పక్కింటి మార్తమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను!

ఆ నవ్వు నాకు మనసులోంచి ఎందుకు రాలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

నా గాబరాకు కారణం చెప్పమంటే నా దగ్గర లేదు. మా ఆయన సుందరం మామిడికాయల లారీ తోలతాడు. తాగడు, కొట్టడు. కూతురు నిస్సీ కర్నూలులో నర్సింగ్ చదువుతోంది, రోజూ ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్ అరగంట ఆలస్యమైతే చాలు, నా చేతులు చల్లబడిపోతాయి. ఫోన్ వచ్చాక కూడా దడ ఆగదు, ఇంకోదాన్ని వెతుక్కుంటుంది. మా ఆయన లారీ, గ్యాసు బండ, ఎవరి పెళ్లికో ఇవ్వాల్సిన జాకెట్లు, ఏదైనా సరే. "నీకేం తక్కువైందమ్మా?" అని అందరూ అడిగేవాళ్లే. ఏదైనా తక్కువైతే బాగుండేది, కనీసం దాని పేరు చెప్పి ఏడ్చేదాన్ని.

పోయిన వేసవిలో మిషను ముందు కూర్చుని ఉండగా గుండె పట్టేసి, చెమటలు పోసి కింద పడ్డాను. ఇక పోయాననుకున్నాను. మా ఆయన కర్నూలు తీసుకుపోతే అన్ని పరీక్షలూ చేసి గుండె బ్రహ్మాండంగా ఉందన్నారు. మనసు డాక్టరుకు చూపించుకోమన్నారు. నాకు ఒళ్లు మండింది. నాకేమన్నా పిచ్చా? అయినా పోయాను. పడేటప్పటి ఆ భయం ఇంకోసారి పడే ఓపిక నాకు లేదు.

డాక్టరు శివజ్యోతిది ఆదోని పక్కన ఏదో పల్లె. నా గుండె సంగతి అడగలేదు. "ఏం తింటారమ్మా? ఎప్పుడు తింటారు?" అని అడిగింది. అందరిలాగే తింటానని అబద్ధం చెప్పాను. ఆమె నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. అంతే, కట్ట తెగినట్టు అంతా చెప్పేశాను.

ఒళ్లు తగ్గాలని పొద్దున తినను. మధ్యాహ్నం పిడికెడు అన్నం. పొద్దు గూట్లో పడే వేళకు మా అత్త మార్తమ్మ వాళ్ల అరుగు మీదికి పోతుంది. అప్పుడు నేను వంటింట్లోకి దూరతాను. లైటు వేయను. కూర్చోను. బొరుగులు, వేయించిన బుడ్డలు, మిక్చరు, బన్ను, ఏమీ లేకపోతే చక్కెర. వేరుశనక్కాయల్ని మేం బుడ్డలంటాం, అవి గుప్పెట్లతో పోతాయి. రుచి తెలియదు. నోరు ఆడుతున్నంతసేపూ గుండె కొట్టుకునేది వినపడదు, అందుకు తింటాను. తర్వాత సిగ్గు. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనిపిస్తుంది. ఖాళీ కవర్లు పాత బియ్యం డ్రమ్ము అడుగున కుక్కి, రేపటి నుంచి అసలే తినకూడదని ఒట్టు పెట్టుకుంటాను. మళ్లీ పొద్దున పస్తు, మళ్లీ సాయంత్రం డ్రమ్ము.

టైలర్ని కాబట్టి నా ఒంటి లెక్క నాకు జాకెట్టు చెప్పేది. కుట్టేటప్పుడే పక్కల లోపల రెండు వేళ్ల వెడల్పు గుడ్డ మడిచి ఉంచుతాం. ఒళ్లొస్తే కుట్లు విప్పి వదులు చేసుకోవచ్చు. నా జాకెట్లలో ఆ గుడ్డంతా అయిపోయింది. మా అత్తది దీనికి తలకిందులు. అరగడం లేదని ఆమె రాత్రిపూట తినడం మానేసి చాలా కాలమైంది. ఈ మధ్య ఆమె రవికలు రెండుసార్లు పక్కలు బిగించి కుట్టాను. ఆమె నోటి కట్టుబాటు చూసి కుళ్లుకున్నాను కూడా, ఎందుకు దాచాలి!

"మీకు నోరు కట్టుకోవడం రాక కాదమ్మా" అంది డాక్టరు. "శానా ఎక్కువ కట్టుకుంటాండారు. పొద్దుననుంచి పస్తు పెడితే సాయంత్రానికి ఒళ్లు మీ మాట ఇనదు. కడుపు కాలితే మీకు దడ ఎక్కువైతాది. దడ ఎక్కువైతే మళ్లీ తింటారు. మూడు పూటలూ తినండి. ఆకలైనా కాకున్నా యాళకు తినండి. తట్టలో పెట్టుకోని, కూర్చోని, లైటు ఏసుకోని తినండి. మాత్ర పొద్దున తిన్నాకనే. ఉపవాసాలు గిపవాసాలు ఇప్పుడు వద్దే వద్దు."

"ఒళ్లు తగ్గుతుందా డాక్టరమ్మా?"

"ముందు భయం తగ్గనీ. తూకం మిషను జోలికి మాత్రం పోవద్దు."

లైటు వేసుకుని తినమన్న మాట దగ్గర నాకు ఏడుపొచ్చింది. తినడానికి నాకు ఎవరైనా సెలవిచ్చి ఎన్నేళ్లయిందో.

ఆ తర్వాత నెమ్మదిగా దారిలో పడ్డాను. పొద్దున బొరుగుల ఉగ్గానో, రొట్టో, రెండు ఇడ్లీలో. కంచాన్ని మేం తట్టంటాం. తట్ట, పీట, లైటు. మొదట్లో రోజూ తప్పేది, తర్వాత వారానికోసారి, తర్వాత అదీ లేదు. ఒళ్లేమీ తగ్గలేదు, అబద్ధమెందుకు. కానీ తప్పడం ఆగాక డ్రమ్ములో కొత్త కవరు పడలేదు. పాతవి మాత్రం అట్లాగే ఉన్నాయి. తీసి బయట పారేస్తే ఎవరైనా చూస్తారని భయం. ఇల్లు చక్కబెట్టుకున్నంత కష్టపడి ఆ కొన్ని నెలలు కూడబెట్టుకున్నాను. ఇప్పుడు ఒక్క శుక్రవారం పస్తుంటే ఆ సాయంత్రం ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఒకసారి ఆ వంటింటి చీకట్లోకి పోతే మళ్లీ ఎప్పుడు బయటపడతానో మాత్రం తెలియదు.

గురువారం మా అత్త దగ్గర కూర్చున్నాను. "అత్తా, డాక్టరు పస్తుండొద్దనింది" అన్నాను.

"ఒక్క పూటే గదమే! ఒక్క పూటకు ఏమైతాది? అందరూ నీ కోసం కడుపు మాడ్చుకుంటాంటే నువ్వు తిని వస్తావా?"

"మాత్ర వేసుకోవాల గదా."

"మాత్ర ఇచ్చేది డాక్టరు. నెమ్మది ఇచ్చేది దేవుడు" అని ఆమె దుప్పటి కప్పుకుంది. కవర్ల సంగతి చెబితే తప్ప ఆమెకు అర్థం కాదు. అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

శుక్రవారం పొద్దున మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అత్త తలస్నానం చేసి నన్నే కనిపెట్టుకుని కూర్చుంది. ఆమె బైబిలు కోసం లోపలికి పోయినప్పుడు నేను రాత్రి మిగిలిన జొన్నరొట్టె, బుడ్డల పొడి డబ్బాలో పెట్టి నా సంచిలో వేసుకున్నాను. తింటానని కాదు, ధైర్యానికి.

కూటానికి ఇరవై ముప్పై మంది ఆడవాళ్లు వచ్చారు. పాటలు పాడారు, వాక్యం చదివారు. పదకొండు దాటేసరికి నా వేళ్లు వణకడం మొదలైంది. చెవుల్లో హోరు. ఇది దయ్యమూ కాదు, గుండె జబ్బూ కాదు, ఒట్టి ఖాళీ కడుపని నాకు తెలుస్తూనే ఉంది. వాళ్లు మాత్రం నా వణుకు చూసి దగ్గరికి జరిగారు. నా తల మీద, భుజాల మీద చేతులు పడ్డాయి. "భయమా, ఈ బిడ్డను వదిలిపో!" అని మార్తమ్మ గొంతు చించుకుంది. అన్ని చేతుల కింద నాకు ఊపిరాడలేదు. అందరూ ఎంత ప్రేమగా పట్టుకున్నారో అంత గాబరా. సాయంత్రం బియ్యం డ్రమ్ము కళ్ల ముందు కనబడింది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను, నా మీదే అయ్యుండొచ్చు. చేతులు విడిపించుకుని సంచి దగ్గరికి లాక్కున్నాను. డబ్బా మూత తీశాను.

బుడ్డల పొడిలో వెల్లుల్లి వాసన మందిరమంతా కమ్ముకుంది. ప్రార్థన ఆగిపోయింది. పొద్దుననుంచి కడుపు మాడ్చుకున్న ఆడవాళ్లందరూ ఆ డబ్బానే చూస్తున్నారు.

"ఏమే ప్రసన్నా! కూటంలోనా?" అంది మార్తమ్మ.

"అవును, కూటంలోనే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇప్పుడు ఈడ అందరి ముందర తినకుంటే సాయంత్రం ఎవురూ చూడకుండా తింటా. శానా దినాలు అట్లనే తిన్నా. లైటు ఆర్పుకోని, నిలబడి, మూటలకు మూటలు. ఆ కవర్లు మా బియ్యం డ్రమ్ములో దాచినా. పస్తు నన్ను బాగు చేయదక్కా. పస్తే నా రోగం. డాక్టరు చెప్పింది, నాకూ తెలుసు. మీకు చెప్పల్లంటే సిగ్గయి ఊరుకున్యా."

మా అత్త లేచింది. మోకాళ్ల నొప్పి మనిషి, గోడ పట్టుకుని నడిచి వచ్చింది. డబ్బా లాక్కుంటుందనే అనుకున్నాను. దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఆమె నా పక్కన కూలబడి, అమ్మగారి ముందున్న నీళ్ల చెంబు తీసి నా దగ్గర పెట్టింది.

"ఎండు రొట్టె. నీళ్లు తాగుతా తిను, గొంతు పడతాది."

"అత్తా, ఆ కవర్లు..."

"చూసినాలే. ఎప్పుడో చూసినా. ఎవురికీ చెప్పలేదు, నా కొడుక్కు గూడా." ఆమె గొంతు తగ్గించింది. "దేవునితో మాత్రం చెప్పినా. మళ్లీ మళ్లీ పొయి డ్రమ్ము చూసినా. అట్లనే ఉండాయి. నా ఒక్కదాని ఉపవాసం సాలలేదేమో, సంఘమంతా ఉంటే ఇంటాడేమో అనుకున్యా."

"నీ ఉపవాసమా? ఎప్పటి నుంచి?"

"నువ్వు చీకట్లో తినబట్టినప్పటి నుంచి."

రాత్రి బువ్వ అరగదన్న మాట గుర్తొచ్చింది. నా చేతులతో రెండుసార్లు బిగించిన రవికలు గుర్తొచ్చాయి. ఇంచీ టేపు పెట్టి కొలిచి, ముసలితనం అనుకుని, పిన్నులు గుచ్చి కుట్టేశాను. నేను తిన్న ప్రతి సాయంత్రానికీ ఆమె ఒక పూట మానుకుందని నాకేం తెలుసు! ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే రొట్టె రెండుగా తుంచి, సగం ఆమె చేతిలో పెట్టాను.

"నాకొద్దు మే. నేను ఉపవాసం."

"అవి పాత కవర్లు అత్తా. కొత్తది ఒక్కటి గూడా లేదు. నీ ప్రార్థన ఎప్పుడో ఇన్న్యాడు. ఇంక తిను. నువ్వు తినకుంటే నేనూ తినను, తర్వాత ఏమైతాదో నీకు తెలుసు."

ఆమె నన్ను ఉరిమి చూసింది. కోడలు సంఘం ముందు బెదిరిస్తుంటే ఏ అత్త ఊరుకుంటుంది! అమ్మగారి వైపు చూసింది. అమ్మగారు కళ్లొత్తుకుంటూ, "తిను ప్రేమమ్మా, ప్రార్థన మేం చేస్తాంలే" అంది. మా అత్త మొహం పక్కకు తిప్పుకుని రొట్టె కొరికింది. "ఉప్పు తక్కువేసినావు" అంది.

గాబరా పోలేదు. నిస్సీ ఫోన్ ఆలస్యమైతే చేతులు ఇప్పటికీ చల్లబడతాయి. మార్తమ్మ ఇప్పటికీ నా ఒంటి మీద ఒక మాట విసరకుండా మా గడప దాటదు. కానీ పొద్దు గూకే వేళకు వంటింట్లో లైటు వేసి, అత్తా నేనూ రెండు తట్టలు పెట్టుకుని కూర్చుంటాం. ఆమె తినే ప్రతి ముద్దకూ నా వంటకు ఒక వంక పెడుతుంది. డ్రమ్ములో ఇప్పుడు బియ్యమే ఉన్నాయి.

నా జాకెట్ల కొలత మారలేదు. నిన్న మాత్రం మా అత్త తన రవిక తెచ్చి, చంకల కింద బిగుతైందని నా మిషను మీద పడేసి పోయింది. తిరగేసి చూశాను. బిగించినప్పుడు నేను మడిచిన గుడ్డ లోపల భద్రంగా ఉంది. బ్లేడు తీసుకుని, ఒక్కో కుట్టే నెమ్మదిగా విప్పాను.