చూపించి ఇచ్చే దుకాణం

నేను ఒక గేమ్ డిస్కును. హనుమకొండలో నన్ను అందరూ సీడీ అనే అంటారు. సీడీకీ నాకూ చాలా తేడా ఉంది, కానీ ఎవరికని చెప్పుకోను? ముఖం మీద ఎర్ర కారు బొమ్మ, వెనక అద్దంలాంటి మెరుపు. మొదటి నుంచీ నాకు భయం ఎక్కువ. గీతలంటే భయం, ఎండంటే భయం, టీ గ్లాసు ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసే మనుషులంటే మరీ భయం. ఇవన్నీ చిన్న భయాలని తరవాత తెలిసింది.

నేను పుట్టింది ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో. కరిగిన ప్లాస్టిక్కును అచ్చులో నొక్కి, కొండదారిలో కార్ల పందెమంతా నాలో దించి, పెట్టెలో పెట్టి సీలు వేశారు. నాతోపాటు పుట్టినవన్నీ అచ్చం నాలాగే ఉండేవి. ఒక్కొక్కదానికి ఒక్కో నంబరు మాత్రం వేశారు. అది ఎందుకో అప్పట్లో మాలో ఎవరికీ తెలియదు.

నన్ను మొదట కొన్నవాడు ఒక ఇంజనీరింగ్ విద్యార్థి. పరీక్షలు దగ్గరపడగానే ఇక బుద్ధిగా చదువుకుంటానని ఒట్టు పెట్టుకుని నన్ను అమ్మేశాడు. ఆ డబ్బుతో అక్కడికక్కడే క్రికెట్ ఆట కొనుక్కుని వెళ్ళాడు. అలా నేను చౌరస్తా పక్క సందులో ఉన్న సదానందం దుకాణానికి చేరాను.

అది వాడిన ఆటలు కొని అమ్మే దుకాణం. అక్కణ్నుంచి నేను దర్జీ యాకూబ్ ఇంటికి వెళ్ళాను. మలుపు వచ్చినప్పుడల్లా కారుతోపాటు తనూ పక్కకి ఒరిగిపోయేవాడు. మంచం మీంచి పడతాడేమోనని వాళ్ళావిడ పక్కనే కాపలా కూర్చునేది. విసుగు పుట్టాక తిరిగి దుకాణంలో ఇచ్చేశాడు. తరవాత బ్యాంకులో పనిచేసే కళావతి పిల్లల కోసమని చెప్పి కొంది. పిల్లలు బడికి వెళ్ళాక సెలవు పెట్టి మరీ తనే ఆడేది, వాళ్ళు వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు పప్పులో తాలింపు వేస్తుండేది. ఇలా చేతులు మారడమే నా బతుకు. ఒక ఇంట్లో పాతబడితే ఇంకో ఇంట్లో కొత్తవాణ్ని అవుతాను. అంతకంటే ఏం కావాలి?

సదానందానికి ఒక పట్టింపు ఉంది. చూపించకుండా డిస్కు ఇవ్వడు. ఎంత తెలిసినవాళ్ళొచ్చినా సరే, దుకాణంలోని ఆట మిషన్లో పెట్టి, టీవీ మీద ఆట మొదలయ్యాక, కొనేవాళ్ళ చేతికే కంట్రోలర్ ఇచ్చేవాడు. "ఒక్క మలుపు తిప్పి చూడు. చూసినంకనే పైసలియ్యి" అనేవాడు. వాడిన సరుకు అమ్మేవాణ్ని జనం సగం దొంగలా చూస్తారు కదా. ఆ చూపు తన మీద పడకూడదని అతని పంతం. ఆ ఒక్క మాట మీదే దుకాణం నడిచింది, ఇద్దరు కూతుళ్ళ చదువులు నడిచాయి.

అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా ఆట మిషన్లు తయారుచేసే కంపెనీ కొత్త మిషన్ తెచ్చింది. దుకాణంలోని పాతది అప్పటికే మొరాయిస్తోంది. సదానందం కొత్తది కొని, కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టాడు. అరలో ఉన్న ఏ ఆటలు ఇందులో నడుస్తాయో కొనేవాళ్ళకి ముందే చెప్పాలి కదా అని, కూర్చుని ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ఒక్కటీ వదల్లేదు. అన్నీ నడిచాయి. సంబరపడి పక్క హోటల్ నుంచి అందరికీ టీ చెప్పాడు.

నేనప్పుడు కళావతి ఇంట్లో ఉన్నాను. ఆమె నన్ను వెనక్కి ఇవ్వడానికి వచ్చింది. వస్తూనే అడిగింది.

"సదానందం, పేపర్ల చూసినవా? ఆ కొత్త మిషన్ల ఒక్కసారి పెడితె, సీడీ నంబరు కంపెనీకి పోతదట. ఇగ అది ఆ మిషన్‌దేనట. ఇంకోదాంట్ల నడ్వదట."

"అట్లెట్లయితది మేడం? నేను కుర్చీ అమ్మితె, కొన్నోడు దాంట్ల కూసోవద్దా?" అని నవ్వాడు సదానందం.

నాకు నవ్వు రాలేదు. నా నంబరు ఎందుకో ఆ క్షణాన తెలిసింది. అరలో ఉన్నవాటిని చూశాను. అట్టలు మెరుస్తున్నాయి, కార్లు, పులులు, సైనికులు ఎప్పటిలాగే బయటికి చూస్తున్నారు. వాటికి ఇంకా తెలియదు.

తరవాత కొన్నవాళ్ళు తిరిగి రావడం మొదలైంది. ఇంట్లో పెడితే 'ఈ ఆట మరొకరిది' అని వస్తోందట. మొదట మర్యాదగా చెప్పారు, తరవాత అరిచారు. సదానందం అందరికీ డబ్బు తిరిగి ఇచ్చాడు. ఒక రాత్రి దుకాణం మూసే ముందు ఆ అర ఎదుట నిలబడి, "చూపిచ్చుడే తప్పాయె" అన్నాడు. అతని గొంతు అలా వినడం నాకదే మొదలు. కొత్త మిషన్ ముట్టని డిస్కును నేనొక్కణ్నే మిగిలాను. నన్ను తీసి గల్లాపెట్టెలో దాచాడు. చీకట్లో నాకు ఊపిరాడలేదు.

స్వరూప వచ్చింది. ఆర్టీసీలో కండక్టర్, కళావతి పంపగా వచ్చింది. ఇంట్లో కొత్త మిషన్ ఉంది, కార్ల ఆట కావాలంది. సదానందం నన్ను తీసి ఇచ్చాడు.

"చూపియ్యవా అన్నా?"

"ఇంటికి తీస్కపోయి పెట్టుకో చెల్లె. నడ్వకుంటె వాపస్ తే."

స్వరూప నన్ను బల్ల మీద పెట్టింది. "చూపియ్యకుండ ఇయ్యడని కళావతక్క చెప్పింది. నీ సీడీలు నడుస్తలేవని బస్సుల అందరు అంటున్నరు. నడ్వకుంటె రేపు నేనే పాడుజేసిన్నంటవ్. ఏందో లోపమున్నట్టే ఉన్నది."

సదానందం ముఖం మాడిపోయింది. కొత్త నిబంధన సంగతంతా చెప్పాడు. ఆమె నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? బస్సులో చిల్లర లేదనడానికి రకరకాల కథలు చెప్పేవాళ్ళని పొద్దస్తమానం చూసే మనిషి.

అతను నన్ను మిషన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. వద్దు సదానందం, పోనీ ఆమెను, అనుకుంటే అనుకోనీ అని లోలోపల మొత్తుకున్నాను. మాకు నోరెక్కడిది? "చూపియ్యకుండ అమ్మినోడు అనిపిచ్చుకోను" అని గొణిగి, నన్ను లోపలికి తోశాడు.

ఆ మిషన్ లోపల చల్లగా ఉంది. ఎర్రటి వెలుగు నా నంబరును వెతికి పట్టుకుంది. టీవీ మీద అక్షరాలు వచ్చాయి: 'అభినందనలు. ఈ ఆట ఇక ఎప్పటికీ మీదే.'

స్వరూప కంట్రోలర్ అందుకుని మొదటి మలుపు చక్కగా తిప్పింది. ముఖం విప్పారింది. "మంచిగున్నదన్నా. ఉత్తగనే అనుమానపడ్డ. ఇగ ఇయ్యి" అని చెయ్యి చాచింది.

సదానందం టీవీ కట్టేశాడు. "మంచిగనే ఉన్నది చెల్లె" అన్నాడు. "ఇప్పుడు చూసినం గద. అందుకే ఇయ్యలేను."

ఇప్పుడా దుకాణంలో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఎప్పుడైనా తోచనప్పుడు సదానందం మిషన్ మీట నొక్కుతాడు, నేను తిరుగుతాను. ఎదురుగా కూర్చునేది ఎప్పుడూ అతనొక్కడే. ఈమధ్య దాని ఫ్యాను గరగరమంటోంది, ఒక్కోసారి మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతోంది. నా మీద ఒక్క గీత కూడా లేదు. అయినా అది ఆగిన ప్రతిసారీ, మళ్ళీ తిరిగేదాకా నాకు ప్రాణం గుప్పిట్లో ఉంటుంది.