కొలిచిన చెయ్యి

పొద్దున్నే పేడ ఎత్తడం లూర్దు మేరీ పని. ఆ పేడ చూసి ఏ గొడ్డు ఒంట్లో ఏముందో చెప్పగలిగేదీ ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. కడుపులో పురుగులు చావడానికి నట్టల మందు పట్టి పది రోజులైనా పెయ్య పేడ నీళ్లలా పారుతోంది, దవడ కింద నీరు దిగింది. ఆ మాటే మొగుడు శాంతికుమార్‌తో అంటే, "పేడ సూసి రోగం సెప్పడానికి నువ్వేటి డాక్టరమ్మవా?" అని నవ్వుతూ కంపెనీ బస్సెక్కేశాడు. అచ్యుతాపురంలో కంపెనీలు కొత్తగా తెరిచిన రోజులవి. అతనికి బస్సు మీదున్న ధ్యాస గొడ్ల మీద లేదు.

గొడ్లు మూడూ ఆమెవే. అమ్మ తోలిచ్చిన ఆవు, దాని కడుపున పుట్టిన ఇంకో ఆవూ, ఈ పెయ్యా. మందు కొలిచేది మాత్రం అతను. ఒక గొడ్డుకి సరిపడే మందుని మూడింటికీ పంచి గ్లాసులో పోసి ఇచ్చేవాడు. చాలదంటే, "ఎక్కువైతే పాలు ఎండిపోతాయే" అనేవాడు. వెదురు గొట్టంతో గొడ్ల నోట్లో పోసేది ఆమె. మూడేళ్లు ఇదే తంతు.

ఆదివారం పెయ్య చచ్చిపోయింది.

పశువుల డాక్టరు వచ్చి పొట్ట కోసి చూపించాడు. లోపల దారాల్లాంటి పురుగులు, ఇంకా కదులుతున్నాయి. "చాలీచాలని మందు తాగి తాగి మొండికెక్కాయి. పాత మందుకి ఇక చావవు. కొత్త మందిస్తాను, ఇదీ తగ్గించి పోశారో, మిగతా రెండూ పోతాయి. ఎవరు పట్టేది?"

"మా ఆడదే సార్. దీనికి కొలతేటి తెలుస్తాది?" అన్నాడు శాంతికుమార్.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. మొగుడు కొట్టిన కుండైతే పెళ్లామే కొట్టిందంటారు కాబోలు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఆ సీసా మళ్లీ అతని చేతికే పోతుంది. మేరీకి ఒళ్లు మండింది.

"పోసిన చెయ్యి నాదే సార్. కొలిచిన చెయ్యి ఆయనది."

చుట్టూ మూగిన మగాళ్లు నవ్వారు. డాక్టరూ నవ్వాడు. "మీ మొగుడూ పెళ్లాల తగువు నాకెందుకమ్మా" అని సీసా శాంతికుమార్ చేతిలోనే పెట్టి వెళ్లిపోయాడు.

"నలుగుర్లో నా పరువు తీత్తావా? నీ సేత్తో సంపేవు, నీ సేత్తోనే పూడ్సు" అని గునపం ఆమె కాళ్ల దగ్గర పడేశాడు. ఎవర్నీ సాయం పట్టనివ్వలేదు. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ చూశాడు. పొద్దు వాలేదాకా ఆమె ఒక్కతే తవ్వింది. చేతులు బొబ్బలెక్కాయి. తను పేరు పెట్టి పిలిచిన పెయ్యని కాళ్లు పట్టి గోతిలోకి ఈడ్చింది. ఏడుపు రాలేదు, అసహ్యమేసింది.

ఆమె చేతులు కడుక్కుని వచ్చేసరికి అతను కొత్త మందు కొలుస్తున్నాడు. ఒక గొడ్డుకి సరిపడేదాన్ని రెండింటికీ పంచి, గ్లాసు ఆమె ముందు పెట్టి, సీసా బీరువాలో పెట్టి తాళం వేశాడు. "రేపు పట్టు."

మర్నాడు బస్సు వెళ్లిపోయాక ఆమె గ్లాసు ముట్టుకోలేదు. రెండావుల పలుపులూ విప్పింది. అత్త గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది.

"ఎక్కడికే?"

"అనకాపల్లి ఆస్పత్రికి. నిండా మందు ఇచ్చేదాకా గేటు ముందే కట్టేసి కూకుంటాను. అట్నుంచటే మా అమ్మింటికి."

"ఓలమ్మో! ఆడొచ్చి అడిగితే ఏటి సెప్పమంతావు?"

"పెయ్యని నేనే పూడ్సేనని సెప్పు అత్తా. ఈ రెంటినీ పూడ్సడానికి నేనిక్కడ ఉండనని సెప్పు."